పాఠం 14 : సహాయక ఫంక్షన్‌కు ధరల అర్రేను అందించడం

14.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు :
• అర్రేను ఫంక్షన్‌కు అందించినప్పుడు ఏం జరుగుతుందో చెప్పగలుగుతారు.
• అసలు అర్రే మారిపోతే కొనుగోలు నిర్ణయం ఎలా తప్పుతుందో వివరించగలుగుతారు.
• అలా జరగకుండా సహాయక ఫంక్షన్ రాయగలుగుతారు.

14.2 పరిచయం

ఒకే పేరు కింద వరుసగా ఉంచిన విలువలను అర్రే అంటారని గత పాఠంలో చదివారు. షేర్లు ఎప్పుడు కొనాలో, ఎప్పుడు అమ్మాలో తెలిపే నియమాలను ప్రోగ్రాముగా రాస్తే అది ట్రేడింగ్ వ్యూహం అవుతుంది. అన్ని లెక్కలూ ఒకేచోట రాస్తే ప్రోగ్రాము చేంతాడంత అవుతుంది. అందువల్ల సగటు, మధ్యగతం వంటి లెక్కలను వేరే ఫంక్షన్లకు అప్పగిస్తాం. ఇవే సహాయక ఫంక్షన్లు. వాటికి ధరల అర్రేను అందించాలి. ఇక్కడే ఒక చిక్కు ఉంది.

14.3 నోట్సు పుస్తకమా, జిరాక్సు కాపీయా?

దక్షిణ ఢిల్లీలో ఐఐటీకి దగ్గరలో కటవారియా సరాయ్ ఉంది. గేట్, ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్షలకు చదివేవారు అక్కడ గదులు అద్దెకు తీసుకొని ఉంటారు. మీరూ అక్కడే చదువుతున్నారనుకోండి. పక్కగది మిత్రుడు మీ నోట్సు అడిగాడు. జిరాక్సు తీయించి ఇస్తే, అతడు దానిమీద ఏం రాసుకున్నా మీ పుస్తకానికి ఏమీ కాదు. పుస్తకమే ఇస్తే? అతడు పేజీలు విడదీసి తనకు నచ్చిన వరుసలో కుట్టుకుంటే, మీకు తిరిగి వచ్చేది ఆ కొత్త వరుసే.

చాలా కంప్యూటర్ భాషల్లో అర్రేను అందించడం రెండో పద్ధతిలోనే జరుగుతుంది. పైథాన్‌లో ధరల జాబితాకు ఫంక్షన్ లోపల వేరే పేరు పెట్టినా, రెండు పేర్లూ ఒకే జాబితాను సూచిస్తాయి. సి భాషలో మొదటి మూలకం ఉన్న మెమరీ చిరునామా మాత్రమే ఫంక్షన్‌కు వెళుతుంది. మెటాట్రేడర్‌లో వాడే ఎంక్యూఎల్ భాషలో అర్రే పేరు ముందు యాంపర్‌సాండ్ గుర్తు పెడతారు. నకలు కాదు, అసలే వెళుతున్నదని ఆ గుర్తుకు అర్థం.

ఈ ఏర్పాటు ఎందుకు? నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో మామూలు లావాదేవీలు ఉదయం 9.15 నుండి మధ్యాహ్నం 3.30 వరకు జరుగుతాయి. అంటే 375 నిమిషాలు. నిమిషానికొక ధర చొప్పున 250 రోజులకు 93,750 విలువలు. ఫంక్షన్‌ను పిలిచిన ప్రతిసారీ ఇన్నింటికీ నకలు తీస్తే సమయం, మెమరీ వృథా అవుతాయి.

14.4 ఉదాహరణ

ఒక షేరు 5 రోజుల ముగింపు ధరలు, పాతది ముందు, కొత్తది చివర, ఇలా ఉన్నాయి :

104, 102, 108, 101, 100

మన నియమం : చివరి ముగింపు ధర 5 రోజుల మధ్యగతం కన్నా ఎక్కువైతే కొనాలి. లేకుంటే ఊరుకోవాలి.

మధ్యగతం కనుక్కోవడానికి ధరలను ఆరోహణ క్రమంలో పెట్టాలి. మన సహాయక ఫంక్షన్ పైథాన్‌లోని సార్ట్ అనే పద్ధతిని వాడిందనుకోండి. సార్ట్ ఇచ్చిన జాబితానే తిరగరాస్తుంది. అది ఇప్పుడు ఇలా మారింది :

100, 101, 102, 104, 108

మధ్యగతం 102. జవాబు సరైనదే. తరువాత ప్రధాన ప్రోగ్రాము అదే జాబితాలో చివరి ధరను చదువుతుంది. అక్కడ 108 కనబడుతుంది. 108 అనేది 102 కన్నా ఎక్కువ కాబట్టి ‘కొను’ అంటుంది. నిజమైన చివరి ధర 100. ఊరుకోవలసిన రోజు అది.

మరొక సంగతి గమనించండి. ఆరోహణ క్రమంలో చివర ఉండేది ఎప్పుడూ అన్నిటికన్నా పెద్ద విలువే. కనుక ధరలు పడిపోతున్న వారంలో కూడా ఈ వ్యూహం దాదాపు ప్రతిరోజూ ‘కొను’ అనే చెబుతుంది. కంప్యూటరు ఏ దోష సందేశమూ చూపదు. డబ్బు పోయిన తరువాతే తెలుస్తుంది. కోడు సరిగా ఉన్నా లాభం వస్తుందన్న హామీ లేదు. 2021-22 నుండి 2023-24 వరకు షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యాపారం చేసిన వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ 2024 సెప్టెంబరులో తెలిపింది. దీనికి కోడు తప్పు కూడా తోడైతే నష్టం మరింత పెరుగుతుంది.

14.5 పాటించవలసిన జాగ్రత్తలు

1. సహాయక ఫంక్షన్ అర్రేను చదవాలి, లెక్కించాలి, జవాబు తిరిగి ఇవ్వాలి. అర్రేను మార్చకూడదు. పైథాన్‌లో సార్ట్ బదులు సార్టెడ్ వాడండి. అది అసలు జాబితాను ముట్టుకోకుండా కొత్త జాబితా ఇస్తుంది.

2. మార్చక తప్పకపోతే ముందుగా నకలు తీయండి. పైథాన్ జాబితాలో ఒక ముక్క తీసుకుంటే అది నకలే. కాని నమ్‌పై అర్రేలో తీసుకున్న ముక్క నకలు కాదు, అసలు అర్రేకు కిటికీ వంటిది. అక్కడ కాపీ అని విడిగా రాయాలి.

3. సి, ఎంక్యూఎల్ భాషల్లో పారామితికి కాన్‌స్ట్ అనే పదం చేర్చండి. ఫంక్షన్ ఆ అర్రేను మార్చబోతే కంపైలరే అడ్డుపడుతుంది.

4. వరుస ఏదో, విలువలు ఎన్నో ఫంక్షన్‌కు స్పష్టంగా తెలియాలి. పై ఉదాహరణలో సున్నా స్థానంలో పాత ధర ఉంది. మెటాట్రేడర్‌లో అర్రేను కాలశ్రేణిగా అమర్చితే సున్నా స్థానంలో కొత్త ధర ఉంటుంది. సి భాషలో అర్రే పొడవు దానితోపాటు వెళ్ళదు, విడిగా అందించాలి.

5. ఫంక్షన్‌ను పిలవకముందు, పిలిచిన తరువాత అర్రేను ముద్రించి పోల్చండి. అసలు డబ్బు పెట్టేముందు ఈ పరీక్ష తప్పనిసరి.

పాఠగత ప్రశ్నలు

1. ముగింపు ధరలు 50, 53, 49, 47, 48. పై తప్పు ఫంక్షన్ వాడితే వ్యూహం ఏం చెబుతుంది? సరైన నిర్ణయం ఏది?

2. నమ్‌పైలో 10 ధరల అర్రే నుండి చివరి 5 ధరల ముక్క తీసుకొని, ఆ ముక్కలోని మొదటి ధరను మార్చారు. అసలు అర్రేలో ఏది మారుతుంది?

14.6 మీరు ఏం నేర్చుకున్నారు?

అర్రేను ఫంక్షన్‌కు అందించడం అంటే చాలా భాషల్లో అసలునే చేతికివ్వడం. లోపల జరిగిన మార్పు బయట కూడా కనబడుతుంది. అందువల్ల సహాయక ఫంక్షన్ అర్రేను చదవడానికే పరిమితం కావాలి, లేదా నకలు మీద పనిచేయాలి.

జవాబులు

1. మధ్యగతం 49. తప్పు ఫంక్షన్ తరువాత చివరి ధర 53గా కనబడుతుంది కాబట్టి ‘కొను’ అంటుంది. నిజమైన చివరి ధర 48, మధ్యగతం కన్నా తక్కువ. ఊరుకోవడమే సరైన నిర్ణయం.
2. ఆరవ ధర మారుతుంది.