చెప్పకుండా తెగే స్ప్రింగు

శుక్రవారం వస్తే కృష్ణగిరి జిల్లా కుందారపల్లి సంతలో తెల్లారకముందే మేకల బేరాలు మొదలవుతాయి. అలాంటి ఒక శుక్రవారం మా చెల్లెలింటికి వెళ్తే, వెనక గదిలో కొత్తగా ఒక పొడవాటి చట్రం కనిపించింది. నడుమునొప్పికని బెంగళూరులో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర పిలాటీస్ వ్యాయామం నేర్చుకుంది. ఒక స్టూడియోవాళ్లు దానికి వాడే రిఫార్మర్ అనే యంత్రం, పాతది, అమ్ముతున్నారని తెలిసి కొని, టెంపోలో వేయించి తెచ్చుకుంది. నేను హోసూరులో ఒక ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు మెయింటెనెన్సు చూసినవాణ్ణి. ఆ పూటంతా దాని చుట్టూ కూర్చుని తను అడిగింది, నేను చెప్పాను. అలాంటి యంత్రం ఇంట్లో పెట్టుకున్నవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాను.

"అన్నా, దీంట్లో మోటారు లేదు, కరెంటు లేదు. దీనికి మెయింటెనెన్సు ఎందుకు?"

మోటారు లేదు కాబట్టే. మోటారున్న యంత్రం చెడిపోతే ఆగిపోతుంది. ఇది ఆగదు, తెగుతుంది. అది కూడా మనిషి దాని మీద పడుకుని కాళ్లు చాచి ఉన్నప్పుడు.

రిఫార్మర్‌లో ఉన్నది చట్రం, దాని పట్టాల మీద చక్రాలతో జరిగే బల్ల, ఆ బల్లను పట్టి లాగే నాలుగైదు స్ప్రింగులు, గిలకల మీదుగా వచ్చే రెండు తాళ్లు, కాళ్లు ఆనించే కడ్డీ. ఈ పద్ధతిని రూపొందించిన జోసెఫ్ పిలాటీస్ 1883లో జర్మనీలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్‌వాళ్లు మాన్ దీవిలో నిర్బంధించినవాళ్లలో అతనూ ఉన్నాడు. అక్కడే మంచాలకు స్ప్రింగులు కట్టి, లేవలేని రోగుల చేత వ్యాయామం చేయించాడని చెప్పుకుంటారు. 1926 ప్రాంతంలో న్యూయార్క్ చేరి స్టూడియో పెట్టాడు. అప్పటినుంచీ ఈ యంత్రానికి ప్రాణం స్ప్రింగే. ప్రమాదం వచ్చేదీ దాని నుంచే.

"స్ప్రింగులు బాగానే ఉండాయి కదా, గట్టిగా లాగుతా ఉండాయి. ఎందుకు మార్చాల?"

కట్టు కమ్మిని చేత్తో తెంపాలంటే ఏం చేస్తాం? ఒకేచోట ఇటూ అటూ వంచుతాం. పదోసారి వంచేదాకా అది గట్టిగానే ఉంటుంది, పదకొండోసారి చటుక్కున తెగుతుంది. స్ప్రింగు కథ కూడా ఇదే. లాగిన ప్రతిసారీ లోపలి తీగ కొద్దిగా మెలి తిరిగి మళ్లీ సర్దుకుంటుంది. ఎక్కడో కంటికి కనపడని గీతలాంటి పగులు మొదలై, ఒక్కో లాగుడుకు వెంట్రుకవాసి ముందుకు జరుగుతుంది. ఆఖరి రోజు వరకు బలం తగ్గినట్టు అనిపించదు. ఎక్కువగా తెగేది కొస దగ్గర, చుట్ట నుంచి కొక్కెంగా వంపు తిరిగే చోట. అక్కడ వంపు కురచ, ఒత్తిడి ఎక్కువ.

నేను తనకు లెక్క కట్టి చూపించాను. ఒక గంట పాఠంలో ఒక స్ప్రింగు మూడు వందల సార్లు సాగుతుందనుకుందాం. స్టూడియోలో రోజుకు మూడు పాఠాలు, నెలకు ఇరవై అయిదు రోజులు నడిస్తే నెలకు 22,500 సార్లు. రెండేళ్లకు 5,40,000. రెండేళ్లకోసారి స్ప్రింగులన్నీ మార్చమని తయారీదార్లు చెప్పడం వ్యాపారం కోసమే అనుకునేవాళ్లకు ఈ లెక్క చూపించాలి. ఇంట్లో ఒక్క మనిషి వారానికి మూడు రోజులు చేస్తే ఏడాదికి 47,000 కూడా దాటదు. అయితే తుప్పు ఈ లెక్కలు చూడదు. వాడకుండా మూల పెట్టిన స్ప్రింగు కూడా చెమట ఉప్పుకూ వానాకాలపు తేమకూ తుప్పు పడుతుంది, ఆ తుప్పు గుంట దగ్గరే పగులు మొదలవుతుంది.

మా చెల్లెలు కొన్నది పాతది. ఆ స్ప్రింగులు ఎన్ని లక్షల సార్లు సాగాయో అమ్మినవాళ్లకే తెలీదు. పాత రిఫార్మర్ కొన్నవాళ్లు ధరలో కొత్త స్ప్రింగుల ఖర్చు కూడా కలుపుకోవాలి. ఇందులో బేరం లేదు.

"మరి చూసి కనుక్కునేది ఏమీ లేదా?"

ఉంది. బల్లను పూర్తిగా వెనక్కి తెచ్చి, స్ప్రింగును కొక్కెం నుంచి తీసి, వెలుతురులో పట్టుకుని చూడాలి. సాగని స్ప్రింగులో చుట్టలన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. మధ్యలో ఎక్కడైనా సందు కనిపిస్తే దాని పని అయిపోయినట్టే. వంకర, పూత లేచిన చోటు, ఎర్రటి మచ్చ, అరిగి పలచబడిన కొక్కెం, వీటిలో ఏది కనపడినా తీసేయాలి. వారానికోసారి ఇలా చూడాలి. ఒకటి పోతే అదే బలాన్ని సూచించే రంగువన్నీ కలిపి మార్చడం మేలు. పాతదాని పక్కన కొత్తది పెడితే బల్ల ఒకవైపుకు లాగుతుంది.

రంగుల విషయంలో ఒక జాగ్రత్త. ఎరుపంటే గట్టిది, పసుపంటే మెత్తది అని ఒక కంపెనీ దగ్గర నేర్చుకున్నది ఇంకో కంపెనీ యంత్రానికి పనికిరాదు. ఎవరి రంగులు వాళ్లవి.

"హోసూరు సిప్‌కాట్ ఫ్యాక్టరీల్లో ఎంతమంది స్ప్రింగులు చుట్టిస్తారు! అక్కడ చేయించుకుంటే?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు ముందే తెలుసు. మన దగ్గర లేత్ లేని వీధి లేదు, చేయలేని పని లేదు. ఆ చేతులంటే నాకు గౌరవం. అయినా వద్దన్నాను. స్ప్రింగుకు తీగ జాతి ముఖ్యం, చుట్టాక సరైన వేడిలో పెట్టి లోపలి బిగువు తీయడం ముఖ్యం. తుప్పు పట్టకుండా నికెల్ పూత పూసేటప్పుడు ఉక్కులోకి హైడ్రోజన్ చేరుతుంది. వెంటనే పొయ్యిలో పెట్టి దాన్ని వెళ్లగొట్టకపోతే గట్టి ఉక్కు పెళుసవుతుంది. పైకి తళతళ మెరుస్తూనే, ఒకరోజు గాజులా విరుగుతుంది. ఒకటీ అరా చేయించుకునేవాళ్ల కోసం ఇవన్నీ ఎవరు పరీక్షిస్తారు? బోల్టు, వాషరు, రబ్బరు బుష్షు ఊళ్లో కొనుక్కో. స్ప్రింగు, తాడు, కొక్కెం మాత్రం ఆ యంత్రం చేసినవాళ్ల దగ్గరే కొను అని చెప్పాను.

"తాళ్ల సంగతి?"

బావి నీళ్లు తోడడానికి ఎద్దులతో కపిల తోలిన రోజులు మా నాయనకు బాగా గుర్తు. తెల్లవారి ఎద్దులను కట్టేముందు మోకును చేత్తో తడిమి చూసేవాడట, అదీ గిలక మీద నడిచే మేర. తాడు అంతటా సమంగా అరగదు, గిలక ఎక్కి దిగే చోటే అరుగుతుంది. రిఫార్మర్ తాడూ అంతే. పైన నూలు అల్లిక లేచి లోపలి దారం తెల్లగా కనిపించిందంటే మార్చాల్సిందే. రెండు తాళ్లూ ఒకే పొడవున్నాయా అని కూడా చూడాలి. ఒకటి సాగితే నడుం వంకర పోతుంది, నొప్పి తగ్గించుకోవడానికి వచ్చిన మనిషికి కొత్త నొప్పి మొదలవుతుంది.

"రోజూ తుడుస్తానే ఉండాను, అయినా బల్ల గరగరమంటాది."

మన కృష్ణగిరి దుమ్ము మామూలు దుమ్ము కాదు. చుట్టూ గ్రానైట్ క్వారీలు, కోత మిల్లులు. గ్రానైట్ పొడిలో ఉండే స్ఫటికం ఉక్కును కూడా గీకేంత గట్టిది. అది పట్టాల మీద పడి మెత్తని ప్లాస్టిక్ చక్రంలో గుచ్చుకుంటుంది. ఇక ఆ చక్రం తిరిగిన ప్రతిసారీ పట్టాను ఉప్పుకాగితంలా రుద్దుతుంది. అందుకే ముందు పొడిగుడ్డతో దుమ్ము తీసి, తర్వాతే తడిగుడ్డ పెట్టాలి. చక్రాలను ఒక్కొక్కటే తిప్పుతూ తుడవాలి. గరగరమంటోందని పట్టాకు కొబ్బరినూనో గ్రీజో పూస్తే ఇంకొంత దుమ్మును పిలిచినట్టే. చక్రాల బేరింగులు మూసి ఉంటాయి, వాటికి నూనె అక్కర్లేదు.

బోరు నీళ్లు కూడా మంచివి కావు. ఆరాక తెల్లగా ఉప్పు మిగులుతుంది. తాగే నీళ్లలో ఒక చుక్క సబ్బు వేసి, గుడ్డను బాగా పిండి, బల్ల మీది రెక్సిన్ పరుపు తుడిస్తే చాలు. బ్లీచింగు, ఫినాయిలు తగిలితే రెక్సిన్ ఎండి పగులుతుంది. తలకు నూనె రాసుకునేవాళ్లు తల కింద తువ్వాలు వేసుకోవాలి.

"జడ, మెట్టెలు, పట్టీలు?"

జడ ముడి వేసుకోవాలి. వేలాడే జడ కదిలే బల్ల పక్కకు జారి చక్రం కింద పడొచ్చు. చున్నీ వద్దు. మెట్టెలకూ పట్టీలకూ రెక్సిన్ చిరుగుతుంది, తాళ్ల అల్లిక లేస్తుంది. తీయడానికి మనసొప్పకపోతే సాక్సు వేసుకుంటే సరి.

చిన్నపిల్లలున్న ఇంట్లో ఇంకొక జాగ్రత్త. పని అయ్యాక స్ప్రింగులన్నీ విప్పి వదిలేస్తే బల్ల తేలిగ్గా జారుతుంది. ఎవరో మంచమనుకుని కూర్చుంటే వెల్లకిలా పడతారు. ఒక్క స్ప్రింగయినా తగిలించి ఉంచాలి. స్ప్రింగు మార్చేటప్పుడు బల్లను వెనక్కి ఆనించి, చేత్తో పట్టుకునే తగిలించాలి. కొక్కేన్ని విసిరినట్టు వదలకూడదు.

మాఘం నుంచి వైశాఖం దాకా గాలి పొడిగా ఉంటే చెక్క చట్రం కుంచించుకుంటుంది, వానలకు ఉబ్బుతుంది. అందుకని నెలకోసారి బోల్టులు బిగువు చూడాలి. వదులైనదాన్ని బిగించాలి తప్ప అన్నిటినీ బలం కొద్దీ తిప్పకూడదు, చెక్కలో మర పోతుంది.

వెళ్లేముందు చట్రం లోపలివైపు ఒక కాగితం అంటించి, నోటుపుస్తకం ఒకటి పక్కన పెట్టి వచ్చాను. ఆ కాగితంలో స్ప్రింగులు ఎప్పుడు మార్చారు, తాళ్లు ఎప్పుడు మార్చారు అన్న రెండు గడులూ ఖాళీగానే ఉన్నాయి. కొత్తవి వచ్చేదాకా చాపమీద చేసుకోమన్నాను. 1945లో వచ్చిన పుస్తకంలో పిలాటీస్ చూపించిన 34 వ్యాయామాలూ చాప మీద చేసేవే.

మీ ఇంట్లోనో, మీరు వెళ్లే స్టూడియోలోనో ఇలాంటి యంత్రం ఉంటే ఈ వారమే టార్చిలైటు పట్టుకుని కిందకు వంగి చూడండి. స్ప్రింగులు ఎప్పటివని అడగండి. తేదీ చెప్పలేకపోతే, అవి మార్చేదాకా దాని మీద ఎవరినీ పడుకోనివ్వకండి.