సిమెంటు రేకుకూ గుండెకూ ఏమిటి సంబంధం?

రేకుల ఇంట్లో ఉంటే గుండెకు క్యాన్సర్ వస్తుందా? వస్తే ఎలా తెలుస్తుంది?

అడగాల్సిన ప్రశ్నే. సిమెంటు రేకు లేని వీధి మన ఊళ్లలో అరుదు. అందులో ఆస్బెస్టాస్, అంటే రాతినార, ఉంటుందన్న సంగతీ చాలామంది విన్నదే. ముందు భయం కాస్త తగ్గించుకుందాం. రేకులో ఆ నార సిమెంటుతో బిగిసి ఉంటుంది. పగలని రేకు కింద పడుకున్నంత మాత్రాన జబ్బు వచ్చేయదు. రేకును కట్టర్‌తో కోసినప్పుడో, బెజ్జం వేసినప్పుడో, పెళుసెక్కిన పాత కప్పును పగలగొట్టినప్పుడో లేచే దుమ్ముతోనే చిక్కు. ఆ దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేసిన వాళ్లకు ముప్పు ఎక్కువ. కడప జిల్లా పులివెందుల చుట్టుపక్కల ఒకప్పుడు ఈ రాతినార గనులే ఉండేవి.

ఆ దుమ్ములోని పోగులు కంటికి కనబడనంత సన్నం. ఊపిరితో లోపలికి పోతాయి. బయటి నుంచి వచ్చిన చెత్తను మింగేసే కణాలు మన ఒంట్లో ఉన్నాయి గానీ, పొడవాటి పోగును అవి పూర్తిగా మింగలేవు. మింగబోయి విఫలమైన ప్రతిసారీ అక్కడ వాపు, మంట. ఇలా ఏళ్ల తరబడి సాగాక కొన్ని కణాలు అదుపు తప్పుతాయి. సాధారణంగా 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది. ఊపిరితిత్తులను కప్పి ఉండే పలుచని పొరలో ఇలా పుట్టే క్యాన్సర్ పేరు మీసోథీలియోమా. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్, ఆయన సహచరులు నీలి ఆస్బెస్టాస్ గనుల ప్రాంతానికి చెందిన 33 మంది రోగుల వివరాలు ప్రచురించాకే లోకం దీన్ని గట్టిగా పట్టించుకుంది. వాళ్లలో గనిలో దిగనివాళ్లూ, ఆ చుట్టుపక్కల పెరిగినవాళ్లూ ఉన్నారు.

గుండె చుట్టూ కూడా అలాంటి పొరే ఒక సంచిలా ఉంటుంది. డాక్టర్లు దాన్ని పెరికార్డియం అంటారు. అక్కడ ఈ క్యాన్సర్ పుట్టడం చాలా చాలా అరుదు. ఇంకో మాట కూడా చెప్పాలి: గుండె పొర విషయంలో ఆస్బెస్టాస్‌తో లంకె అంత గట్టిగా రుజువు కాలేదు. ఎన్నడూ ఆ దుమ్ము ఎరగని వాళ్లకూ ఇది వచ్చింది.

ఇక లక్షణాలు. ఆ సంచిలో మామూలుగా కొన్ని చెంచాల నీరే ఉంటుంది, గుండె రాపిడి లేకుండా కొట్టుకోవడానికి. కణితి పెరిగితే ఆ నీరు ఎక్కువవుతుంది. సంచి కొత్త తోలు చెప్పు లాంటిది: నెమ్మదిగా అయితే సాగుతుంది, ఒక్కసారిగా అయితే సాగదు. అందుకే నెలల మీద లీటరు నీరు చేరినా మనిషి తిరుగుతూనే ఉండొచ్చు. గబగబా చేరితే గ్లాసెడే ప్రాణం మీదికి తెస్తుంది.

నీరు నొక్కితే ముందు లొంగేది గుండె కుడివైపు, దాని గోడలు పలుచన కాబట్టి. ఒంటి నుంచి తిరిగొచ్చే రక్తం లోపలికి పోలేక వెనక్కి తంతుంది. దాంతో కూర్చుని ఉన్నా మెడ నరాలు ఉబ్బి కనబడతాయి. కాళ్లు వాచి, చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటుంది. కడుపు ఉబ్బుతుంది. గుండె నుంచి బయటికి పోయే రక్తం తగ్గితే నీరసం, దడ, నాలుగడుగులు వేస్తేనే ఆయాసం. ఛాతీనొప్పి పడుకుంటే ఎక్కువై, ముందుకు వంగి కూర్చుంటే తగ్గడమూ ఉంది. ఆయాసం హఠాత్తుగా పెరిగి, చెమటలు పట్టి, కళ్లు తిరిగితే తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి.

గమనించారా, వీటిలో ఒక్కటి కూడా క్యాన్సర్‌కే ప్రత్యేకం కాదు. గుండె నలిగితే ఏ కారణంతోనైనా ఇవే వస్తాయి. మన దేశంలో గుండె చుట్టూ నీరు చేరితే డాక్టరు ముందు టీబీని అనుమానిస్తారు, అది సబబే. అనుమానం మారాల్సింది ఎప్పుడంటే, మందులు వాడుతున్నా తీసిన నీరు మళ్లీ మళ్లీ చేరుతున్నప్పుడు, ఆ నీటిలో రక్తం కనబడినప్పుడు, స్కాన్‌లో పొర మందంగా, గడ్డలుగా తేలినప్పుడు. ఎకో పరీక్ష నీటిని చూపిస్తుంది, కారణాన్ని చెప్పదు. నీటి పరీక్షలో క్యాన్సర్ కణాలు చాలాసార్లు దొరకవు. పొర ముక్క తీసి చూస్తేనే తేలుతుంది. అందుకే ఆపరేషన్ బల్ల మీదనో, చనిపోయాకనో బయటపడిన కేసులే ఎక్కువ.

డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాల్సింది ఒకటుంది: ముప్పై నలభై ఏళ్ల కింద ఏ పని చేశారో. రేకుల ఫ్యాక్టరీ, గని, బాయిలర్ల పని, పాత కట్టడాల కూల్చివేత, ఏదైనా సరే. దుమ్ము బట్టలు ఉతికిన ఇల్లాలైతే అదీ చెప్పాలి. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది. మీవాళ్లు అలాంటి చోట పనిచేసి ఉంటే ఆ రికార్డు అడిగి, ఒక జిరాక్సు ఆసుపత్రి ఫైల్లో పెట్టండి.