సూర్యుడు రాని ఊళ్లో ఆకాశ కాంతులు: నార్వే టూర్‌కు డబ్బు కట్టే ముందు ఇవి తెలుసుకోండి

గుంటూరులో ఉండే మా ఖాలూ పోయిన నెల ఫోన్ చేశారు. ఆయన కొడుకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. "అబ్బా, అమ్మీ ఈసారి జర్మనీ వస్తే నార్వే తీసుకెళ్లి నార్తర్న్ లైట్స్ చూపిస్తా" అని పట్టుబట్టాడట. ఖాలూ ఇక్కడే ఒక ట్రావెల్స్ వాళ్లను అడిగితే బ్రోచర్ ఇచ్చారు. ఇద్దరికీ కలిపి ఐదు లక్షలు దాటింది. కింద పెద్ద అక్షరాలతో "నార్తర్న్ లైట్స్ గ్యారంటీ" అని ఉంది.

"బేటా, నువ్వు బీకాం చదివావు, పేపర్లో రాస్తావు. నాకు మూడు సంగతులు చెప్పు" అన్నారు. "డబ్బు కట్టాక అవి కనబడకపోతే ఎట్లా? సూర్యుడే రాడంట, మరి నమాజ్ ఎట్లా? మీ ఖాలా మోకాళ్ల నొప్పులతో ఆ మంచులో నిలబడగలదా?"

ఖాలూ అడిగినవే చాలా ఇళ్లలో వినిపించే ప్రశ్నలు. పిల్లలు యూరప్‌లో స్థిరపడ్డాక ఇలాంటి టూర్ల మాట మన కుటుంబాల్లో మామూలైంది. అందుకే ఖాలూకు చెప్పిన జవాబులనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అసలు ఆ వెలుగులేంటి?

సూర్యుడి నుంచి విద్యుదావేశం ఉన్న కణాలు ఎప్పుడూ వెలువడుతూనే ఉంటాయి. దీన్ని సౌర పవనం అంటారు. అది భూమిని చేరడానికి మామూలుగా కొన్ని రోజులు పడుతుంది. భూమి అయస్కాంత క్షేత్రం ఆ కణాల్లో ఎక్కువ భాగాన్ని పక్కకు తోసేస్తుంది. కొన్ని మాత్రం ధ్రువాల దగ్గర వాతావరణంలోకి దిగి అక్కడి వాయువులను ఢీకొంటాయి. అప్పుడు వచ్చే వెలుగే ఇది. నేల నుంచి 100 - 150 కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ పచ్చగా వెలుగుతుంది. 200 కిలోమీటర్లు దాటాక అదే ఆక్సిజన్ ఎర్రగా వెలుగుతుంది. నీలం, ఊదా ఛాయలు నైట్రోజన్ వల్ల వస్తాయి.

ఈ వెలుగుల వెనుక సూర్యుడి కణాలు, భూమి అయస్కాంత శక్తి ఉన్నాయని ప్రయోగాలతో చూపించిన వాళ్లలో ముఖ్యుడు నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్. 1899లో ఉత్తర నార్వేలోని హాల్డే కొండ మీద పరిశీలన కేంద్రం కట్టించాడు. నార్వే పాత 200 క్రోన్ల నోటు మీద ఉన్నది ఆయన బొమ్మే.

ఇవి అయస్కాంత ధ్రువం చుట్టూ ఉంగరంలా ఉండే ఒక పట్టీ కింద ఎక్కువగా కనిపిస్తాయి. నార్వే నగరం ట్రోమ్సో సరిగ్గా ఆ పట్టీ కిందే ఉంది. సౌర తుఫాను బలంగా ఉంటే ఆ పట్టీ దక్షిణానికి విస్తరిస్తుంది. 2024 మే 10, 11 తేదీల రాత్రి అదే జరిగింది. మన లద్దాఖ్‌లోని హాన్లేలో కూడా కెమెరాలకు ఎర్రటి వెలుగు చిక్కింది. అంత దూరం నుంచి చూసినప్పుడు అంచు మీదుగా కనబడేది పైభాగమే, అందుకే ఎరుపు.

మొదటి ప్రశ్న: కనబడకపోతే డబ్బు వెనక్కిస్తారా?

సాధారణంగా ఇవ్వరు. గైడెడ్ టూర్‌లో మీరు డబ్బు కట్టేది వెతికే పనికి. వాతావరణం బాగోలేక కంపెనీయే టూర్ రద్దు చేస్తే డబ్బు తిరిగి వస్తుంది. బయల్దేరి, రాత్రంతా తిరిగి, ఏమీ కనబడకపోతే చాలా కంపెనీలు ఏమీ ఇవ్వవు. కొన్ని మాత్రం ఇంకో రాత్రి తగ్గింపు ధరకో, ఉచితంగానో తీసుకెళ్తాయి. "గ్యారంటీ" అన్న మాటకు అసలు అర్థం తరచూ ఈ రెండో టూరే. అది కూడా మీరు ఇంకా ఆ ఊళ్లోనే ఉంటేనే పనికొస్తుంది. షరతుల పేజీలో ఆ ఒక్క వాక్యం వెతికి చదవండి.

సౌర పవనం చేరడానికి కొన్ని రోజులే పడుతుంది కాబట్టి ఆరు నెలల ముందు ఫలానా తేదీన తప్పకుండా కనబడతాయని ఎవరూ చెప్పలేరు. దాని వల్ల భూమి అయస్కాంత క్షేత్రంలో కలిగే అలజడిని కేపీ అనే సూచీతో 0 నుంచి 9 వరకు కొలుస్తారు. ట్రోమ్సోలో కేపీ 1, 2 ఉన్నా చాలు. అక్కడ అసలు అడ్డంకి మేఘాలు. సముద్రం ఒడ్డు ఊరు కాబట్టి మబ్బులు, మంచు ఎక్కువ.

గైడ్ అవసరం ఇక్కడే తెలుస్తుంది. సాయంత్రం ఉపగ్రహ చిత్రాలు చూసి ఏ వైపు ఆకాశం తెరిపిగా ఉందో ఆ వైపు బండి తిప్పుతాడు. కొండల వెనుక ఉన్న స్కిబోట్న్ లోయలో వాన, మంచు తక్కువ. ఇంకా ముందుకు వెళ్తే 160 కిలోమీటర్ల దూరంలో ఫిన్లాండ్ సరిహద్దు ఊరు కిల్పిస్‌యార్వి వస్తుంది. అంటే ఒక్క రాత్రిలో దేశం దాటొచ్చు. పాస్‌పోర్టు హోటల్లో వదిలిపెట్టకండి. టూర్ సాయంత్రం ఆరింటికి మొదలైతే తిరిగొచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది, ఒక్కోసారి రెండు, మూడు కూడా అవుతుంది.

పెద్ద బస్సు చవక, కానీ అది ఆగే చోట్లు పరిమితం. ఎనిమిది పది మంది పట్టే వ్యాన్ ఖరీదు ఎక్కువ, కానీ మబ్బు కమ్మితే వెంటనే ఇంకో చోటికి కదులుతుంది. బస్సుకు మనిషికి వెయ్యి క్రోన్ల పైచిలుకు, వ్యాన్‌కు అంతకు రెట్టింపు దాకా ఉండటం మామూలు.

ఇక ముఖ్యమైన లెక్క. ఒక రాత్రి కనబడే అవకాశం సగం అనుకుందాం. ఒక్క రాత్రికే వెళ్తే సగం మంది ఖాళీ చేతులతో వస్తారు. మూడు రాత్రులు వెతికితే మూడూ తప్పిపోయే అవకాశం ఎనిమిదింట ఒకటికి తగ్గుతుంది. మబ్బు వరుసగా రోజుల తరబడి ఉండొచ్చు కాబట్టి నిజ జీవితంలో లెక్క ఇంత శుభ్రంగా ఉండదు. అయినా నిర్ణయం మారదు: హోటల్ స్టార్లు తగ్గించుకుని రాత్రులు పెంచుకోండి. ఖాలూకు ఇచ్చిన బ్రోచర్‌లో ఏడు రోజుల ప్యాకేజీలో ట్రోమ్సోలో రెండే రాత్రులు, అందులో టూర్ ఒక్క రాత్రే. మిగతాదంతా ఓస్లో, షాపింగ్. ఐదు లక్షల ప్యాకేజీలో కాంతుల వంతు అంతే.

"ఈ ఏడాది తప్పితే మళ్లీ 11 ఏళ్లకే" అనే ప్రకటనలు కూడా వస్తున్నాయి. సూర్యుడికి సుమారు 11 ఏళ్ల చక్రం ఉన్నమాట నిజం. 2024లో అది పతాక స్థాయికి చేరిందని నాసా ప్రకటించింది. కానీ ట్రోమ్సో ఆ పట్టీ కిందే ఉండటం వల్ల చక్రం తగ్గుముఖం పట్టిన ఏళ్లలో కూడా అక్కడ కాంతులు కనబడతాయి. కంగారుపడి అడ్వాన్స్ కట్టాల్సిన పని లేదు.

ఫోటోల సంగతి కూడా చెప్పాలి. ఫోన్ నైట్ మోడ్ కొన్ని సెకన్ల వెలుగును పోగేసి చూపిస్తుంది. మన కన్ను చీకట్లో రంగుల్ని సరిగా పట్టలేదు. బలహీనంగా ఉన్న రాత్రి అవి బూడిద రంగు మబ్బు తునకలా కనిపిస్తాయి. బలంగా ఉంటే మాత్రం పచ్చటి తెర కదులుతున్నట్టు కళ్లకే తెలుస్తుంది. బ్రోచర్ బొమ్మను మనసులో పెట్టుకుని వెళ్లొద్దని పెద్దవాళ్లకు ముందే చెప్పండి.

రెండో ప్రశ్న: సూర్యుడు రాకపోతే నమాజ్?

ట్రోమ్సోలో నవంబర్ చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు ఉదయించడు. చుట్టూ కొండలుండటంతో ఊళ్లో వాళ్లకు మళ్లీ సూర్యుడు కనిపించేది జనవరి 21 ప్రాంతంలో. ఆ రోజు అక్కడ బన్నులు తిని పండగ చేసుకుంటారు. అలాగని 24 గంటలూ కటిక చీకటేం కాదు. మధ్యాహ్నం కొన్ని గంటలు నీలం రంగు వెలుతురు ఉంటుంది.

ఈ ప్రశ్న మన ఉమ్మత్‌కు కొత్తది కాదు. 921లో బాగ్దాద్ ఖలీఫా అల్ ముక్తదిర్ పంపిన దూతల బృందంలో ఇబ్న్ ఫద్లాన్ అనే ఆయన ఉన్నాడు. ఇప్పటి రష్యాలోని వోల్గా నది ఒడ్డుకు 922 వేసవిలో చేరాడు. అక్కడ రాత్రి ఎంత చిన్నదంటే, గుడారంలో కబుర్లు చెబుతూ ఇషా అజాన్ కోసం ఎదురుచూస్తుంటే వినిపించింది ఫజర్ అజాన్. ఫజర్ తప్పిపోతుందన్న భయంతో నెల రోజులుగా నిద్రే పోలేదని అక్కడి ముఅజ్జిన్ చెప్పాడని రాశాడు. అదే ప్రయాణంలో ఆకాశం ఎర్రబడి, అందులో మనుషులు, గుర్రాల ఆకారాలు పోట్లాడుకుంటున్నట్టు చూశానని కూడా రాశాడు. చాలామంది పరిశోధకులు అవి ధ్రువ కాంతులేనని భావిస్తారు.

ఉలమాలు దీనికి ఆధారంగా చెప్పేది సహీహ్ ముస్లింలోని దజ్జాల్ హదీసు. ఏడాదంత పొడవైన రోజు గురించి విన్న సహాబాలు, ఆ రోజు ఒక్క రోజు నమాజ్ సరిపోతుందా అని అడిగారు. సరిపోదు, సమయాన్ని అంచనా వేసుకుని చదవాలని ప్రవక్త (స) చెప్పినట్టు అందులో ఉంది. దీని మీదే, రాత్రీ పగలూ తేడా తెలిసే దగ్గరి ఊరి సమయాలు పాటించాలని కొందరు, మక్కా సమయాలు పాటించొచ్చని కొందరు చెప్పారు. ట్రోమ్సోలో అల్‌నూర్ అనే మస్జిద్ ఉంది. వేసవిలో సూర్యుడు అస్తమించని రోజుల్లో రమజాన్ వచ్చినప్పుడు అక్కడి ముస్లింలలో మక్కా సమయాలతో రోజా ఉన్నవాళ్లున్నారు. ప్రయాణికులు ఆ మస్జిద్ టైమ్‌టేబుల్‌ను చూసుకోవచ్చు. బయల్దేరే ముందు మీ మస్లక్ ఆలిమ్‌ను ఒక్కసారి అడిగితే మనసు కూడా నిశ్చింతగా ఉంటుంది.

ఆచరణలో పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. వుజూ హోటల్లోనే చేసుకుని తోలు మేజోళ్లు తొడుక్కుంటే మళ్లీ చల్లటి నీళ్లలో కాళ్లు తడపకుండా మసహ్ చేయొచ్చు. ప్రయాణికుడికి ఆ వెసులుబాటు మూడు పగళ్లు, మూడు రాత్రులు ఉంది. ఇషా ఎప్పుడు, ఎక్కడ చదవాలో వ్యాన్ ఎక్కేముందే గైడ్‌తో మాట్లాడుకోండి. పది నిమిషాలు అడిగితే కాదనే వాళ్లు తక్కువ. మనకు ఖిబ్లా పడమర, అక్కడ మాత్రం దక్షిణం నుంచి కొంచెం తూర్పుకు తిరగాలి.

తిండి సంగతి: మంట దగ్గర పిల్లలకు ఇచ్చే మార్ష్‌మాలోల్లో జెలటిన్ ఉంటుంది, అది తరచూ పంది నుంచి తీసిందే. సూప్‌లో రెయిన్‌డీర్ మాంసం ఉండొచ్చు. బుక్ చేసేటప్పుడే చేపలో, కూరగాయలో కావాలని రాసి పంపండి. సాల్మన్, కాడ్ చేపలకు అక్కడ కొరత లేదు.

మూడో ప్రశ్న: ఖాలా తట్టుకుంటుందా?

సముద్రపు వెచ్చని ప్రవాహం వల్ల ట్రోమ్సో ఊళ్లో జనవరి సగటు చలి మైనస్ 3, 4 డిగ్రీలే. కానీ కాంతుల కోసం లోపలి లోయలకు వెళ్తే మైనస్ 20 కూడా ఉండొచ్చు. ఒంటిని మొత్తం కప్పే దళసరి సూట్లు చాలా కంపెనీలు ఇస్తాయి. లోపల నూలు బట్టలు వద్దు, చెమట పట్టి చల్లబడతాయి. ఉన్నివి వేసుకోవాలి.

చలి కన్నా ప్రమాదం జారడం. బూట్లకు తొడిగే ఇనుప పళ్ల పట్టీలు అక్కడి దుకాణాల్లో దొరుకుతాయి, అవి లేకుండా పెద్దవాళ్లు బయట అడుగు పెట్టకూడదు. ఆగే చోట బాత్రూమ్ ఉంటుందా, వెచ్చగా కూర్చునే గుడారం ఉంటుందా అని ముందే అడగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు రాత్రంతా తిరిగే వ్యాన్ కన్నా, బాత్రూమ్ ఉన్న పెద్ద బస్సు లేదా ఒకే శిబిరంలో కూర్చుని చూసే టూర్ నయం. కనబడే అవకాశం కాస్త తగ్గినా ఆరోగ్యం నిలుస్తుంది.

వీసా, పన్ను

నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు, షెంగెన్‌లో ఉంది. ఖాలూ వాళ్లు మూడు వారాలు జర్మనీలో, నాలుగైదు రోజులు నార్వేలో ఉంటారు కాబట్టి ఎక్కువ రోజులుండే జర్మనీ వీసాకే దరఖాస్తు చేయాలి. అదే వీసా నార్వేలోనూ చెల్లుతుంది. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, చివరి గడువు 15 రోజుల ముందు. గడువు దాకా ఆగకండి.

విదేశీ ప్యాకేజీని ఇక్కడి కంపెనీ దగ్గర కొంటే టీసీఎస్ అనే పన్ను పాన్ నంబర్ మీద వసూలు చేస్తారు. రేటు బడ్జెట్‌ను బట్టి మారుతుంది. అది పోయిన డబ్బు కాదు. ఐటీ రిటర్న్ వేసి సర్దుబాటు చేసుకోవచ్చు, పన్ను కట్టాల్సింది లేకపోతే వెనక్కి తీసుకోవచ్చు. పెన్షన్ మీద ఉండే పెద్దవాళ్లు రిటర్న్ వేయక దీన్ని వదులుకుంటుంటారు. కొడుకు జర్మనీలో తన కార్డుతోనే నేరుగా హోటల్, టూర్ బుక్ చేస్తే ఈ బాధ ఉండదు.

మరి ఎప్పుడు వెళ్లాలి?

సీజన్ సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ మొదటి రోజుల దాకా. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నా సలహా మార్చి. అప్పటికి సూర్యుడు రోజూ వచ్చిపోతుంటాడు కాబట్టి నమాజ్ వేళల చిక్కు ఉండదు, పగలు ఊరు చూడొచ్చు, రాత్రి చీకటీ సరిపోతుంది. నిండు చంద్రుడున్నప్పుడు మసక కాంతులు వెలవెలబోతాయి. దీనికి మన దగ్గర హిజ్రీ క్యాలెండర్ ఉండనే ఉంది: నెల మొదటి వారం, చివరి వారం చీకటి ఎక్కువ. 2027లో రమజాన్ ఫిబ్రవరి 8 ప్రాంతంలో మొదలవుతుందని లెక్క. అంటే మార్చి రెండో వారంలో ఈద్.

ఇదంతా విన్నాక ఖాలూ ఆ బ్రోచర్ పక్కన పెట్టేశారు. ఈద్ గుంటూరులో చేసుకుని, షవ్వాల్ మొదటి వారంలోనే ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా ట్రోమ్సో వెళ్లి, నాలుగు రాత్రులుండేలా కొడుకే బుక్ చేస్తున్నాడు. మొదటి రెండు రాత్రులకే టూర్ డబ్బు కట్టారు, కనబడకపోతే మిగతా రెండు రాత్రుల కోసం కొంత పక్కన ఉంచారు. ఖాలా ఇప్పటినుంచే రోజూ సాయంత్రం మేడ మీద అరగంట నడుస్తోంది.