వెయ్యేళ్ల కిందటి సముద్ర మట్టం ఎలా తెలుస్తుంది?

సముద్ర మట్టాన్ని కొలిచే పరికరాలు చాలా రేవుల్లో గత నూరు, నూటయాభై ఏళ్ల నుంచే ఉన్నాయి. అంతకు ముందటి లెక్క తీరంలోని ఉప్పు బురద నేలల్లో దొరుకుతుంది.

పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు గడ్డి పెరిగే ఈ నేలల మీదికి ఎక్కి, సన్నని ఒండ్రు వదిలి వెళ్తుంది. ఏళ్ల తరబడి అది పొర మీద పొరగా పేరుకుంటుంది. అందులో ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలుంటాయి. చాలావాటి పరిమాణం అర మిల్లీమీటరు లోపే. ఇక్కడి జాతుల్లో చాలా వరకు ఇసుక రేణువులను అతికించుకుని గుల్ల కట్టుకుంటాయి. మైక్రోస్కోపులో ట్రోకమినా ఇన్‌ఫ్లాటా గుల్ల సుడి తిరిగిన నత్తగుల్లలా కనిపిస్తుంది.

గుల్లలకూ నీటి ఎత్తుకూ సంబంధమేమిటి?

ఒక్కో జాతి ఒక్కో ఎత్తులో బతుకుతుంది. మిలియమ్మినా ఫుస్కా తరచూ నీరు ముంచే పల్లంలో ఎక్కువ. జడమ్మినా మాక్రెసెన్స్ పెద్ద పోటుకే తడిసే మెరకలో ఎక్కువ. మెరక జాతుల పొర మీద పల్లపు జాతుల పొర వచ్చిందంటే, బురద పేరుకునే వేగం కన్నా సముద్రం వేగంగా పెరిగిందన్నమాట.

పొరల వయసు ఎలా కడతారు?

గొట్టం దింపి బురదను స్తంభంలా పైకి తీస్తారు. పలుచని ముక్కలుగా కోసి, జల్లెడ పట్టి, గుల్లలను జాతులవారీగా లెక్కపెడతారు. పాత పొరల వయసు మొక్కల అవశేషాల్లోని కార్బన్-14 చెబుతుంది. పై పొరల్లో సీజియం-137 ఆనవాలు వెతుకుతారు. అణుబాంబు పరీక్షల వల్ల అది 1963 ప్రాంతంలో అత్యధికంగా నేలకు చేరింది.

అమెరికాలోని నార్త్ కరోలినా తీరంలో ఇలాగే 2,000 ఏళ్ల చరిత్ర రాబట్టారు. 2011లో ప్రచురించిన ఆ అధ్యయనం ప్రకారం, నేల కుంగుబాటును మినహాయించినా, 19వ శతాబ్దం చివరి నుంచి అక్కడ సముద్రం ఏడాదికి సగటున 2.1 మిల్లీమీటర్లు పెరిగింది. ఆ 2,000 ఏళ్లలో అంతకు ముందు ఏ శతాబ్దంలోనూ ఇంత వేగం లేదు.