పిల్లల కార్ సీటు కోర్సుకు ముందు గుబులు: అపోహలు – వాస్తవాలు

కూతురి పురుటికని నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు నుంచి అమెరికా వెళ్లిన తల్లులకు అక్కడ వింతగా తోచే వస్తువుల్లో పిల్లల కార్ సీటు ఒకటి. పసిబిడ్డకు సరిపోయే సీటు లేకపోతే చాలా ఆసుపత్రులు బిడ్డను కార్లో ఇంటికి పంపవు. సీటు కొంటే పని అయిపోదు. అది సరిగ్గా బిగిసిందో లేదో చూసి, బిగించడం తల్లిదండ్రులకు నేర్పే టెక్నీషియన్లు అక్కడ ప్రత్యేకంగా ఉంటారు. వాళ్లకు పాఠ్యప్రణాళికను నేషనల్ హైవే ట్రాఫిక్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ తయారు చేసింది, సర్టిఫికెట్‌ను సేఫ్ కిడ్స్ వరల్డ్‌వైడ్ ఇస్తుంది. నర్సులు, ఫైర్ సిబ్బంది, పోలీసులతో పాటు మామూలు తల్లులూ ఈ కోర్సులో చేరతారు. అక్కడ స్థిరపడ్డ తెలుగు అమ్మాయి ఎవరైనా పేరు నమోదు చేసుకుంటే, మొదటి రోజుకు ముందు పట్టుకునే గుబులు ఊహించడం కష్టం కాదు: నేను మెకానిక్‌ని కాను, ఇంగ్లీషు గడగడా రాదు, పరీక్ష తప్పితే పరువు పోతుంది, ఇంకొకరి బిడ్డ ప్రాణం నా చేతి మీదుగా వెళ్తుంది. ఈ గుబులు కింద ఉన్న నమ్మకాలు దాదాపు అన్నీ అపోహలే. గుబులు మాత్రం పనికొచ్చేదే. పైగా అవే అపోహలు ఇక్కడ పల్నాడులో బిడ్డను ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టి పిడుగురాళ్ల దాకా తీసుకెళ్తున్నాయి.

మొదటి అపోహ, ఇది మెకానిక్ పని అన్నది. ఈ కోర్సులో స్పానర్‌తో పని పడదు. సీటును కారుకు కట్టేది ఆ కారులో ముందే ఉన్న సీటు బెల్టు, లేదా వెనక సీటు సందులో ఉండే ఐసోఫిక్స్ అనే లోహపు కడ్డీలు. నేర్చుకోవలసింది చూపు, చేతి అంచనా. బెల్టు వెళ్లే చోట సీటును పట్టుకుని కదిపితే అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదు. బిడ్డ భుజం మీది పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూస్తే మడత పడకూడదు, పడితే అది వదులుగా ఉన్నట్టు. ఛాతీ మీది క్లిప్పు చంకల ఎత్తులో ఉండాలి. బిడ్డ వెనక్కి తిరిగి కూర్చునే సీటైతే పట్టీలు భుజాల ఎత్తులోనో అంతకు కాస్త కిందనో మొదలవాలి, ముందుకు తిరిగి కూర్చునేదైతే భుజాల ఎత్తులోనో కాస్త పైనో. ఈ చివరిది విన్నప్పుడు తిరకాసుగా ఉంటుంది గానీ కారణం సూటిగానే ఉంది. కారు ముందు నుంచి గుద్దుకుంటే వెనక్కి తిరిగిన బిడ్డ సీటు వీపు వెంట పైకి జారబోతుంది, భుజాల కింద నుంచి వచ్చిన పట్టీ ఆ జారుడును ఆపుతుంది. ముందుకు తిరిగిన బిడ్డ ముందుకు విసురుగా పోతుంది, ఆ బిడ్డకు పట్టీ పైనుంచి పట్టుకోవాలి. కారణం అర్థమైనవాళ్లు దీన్ని బట్టీ పట్టక్కర్లేదు. ఊయల కట్టేటప్పుడు ముడి లాగి చూసే అమ్మమ్మకు ఈ పనికి కావలసిన బుద్ధి సగం ముందే ఉంది.

రెండో అపోహ పరీక్ష గురించి. మన చదువుల్లో పరీక్షంటే పుస్తకం మూసి రాసేది కాబట్టి, మూడు నాలుగు రోజుల్లో అంత లావు పుస్తకం తలకెక్కుతుందా అన్న బెంగ సహజం. ఈ కోర్సులో రాత పరీక్షలు పుస్తకం తెరిచి రాసేవే. ఆ వెసులుబాటు దయతో ఇచ్చింది కాదు, ఈ పని స్వభావమే అలాంటిది. అన్ని కార్ల బెల్టులూ ఒకేలా పనిచేయవు, అన్ని కంపెనీల సీట్లకూ ఒకే నియమం ఉండదు. అందుకే టెక్నీషియన్ ప్రతిసారీ రెండు మాన్యువళ్లు తెరవాలి, కారుది ఒకటి, సీటుది ఒకటి. జ్ఞాపకం మీద ఆధారపడేవాడు నిరుటి మోడల్ నియమాన్ని ఈ ఏటి సీటుకు అంటగడతాడు. అలాగైతే ఈ సర్టిఫికెట్‌కు విలువేముంది, పుస్తకం చూసి ఎవరైనా రాస్తారు కదా అని అడగవచ్చు. రాత ఒక్కటే ఉంటే ఆ ప్రశ్న న్యాయమే. కానీ సీటును చేత్తో బిగించి చూపించే పరీక్షలు వేరేగా ఉంటాయి, చివర్లో నిజమైన తల్లిదండ్రులు నిజమైన పిల్లలతో కార్లు తెచ్చి నిలబెడితే బోధకులు పక్కనుండగా తనిఖీ చేయాలి. సర్టిఫికెట్ కూడా రెండేళ్లకే చెల్లుతుంది. తర్వాత కొనసాగాలంటే బోధకుల ముందు ఐదు రకాల సీటు తనిఖీలు చేసి చూపాలి, కొత్త విషయాలు కొన్ని గంటలు చదువుకోవాలి. ఇంగ్లీషు సంగతికొస్తే, మాన్యువల్ చదివి అర్థం చేసుకునేంత భాష తప్పక కావాలి, దాన్ని కొట్టిపారేయలేం. గడగడా మాట్లాడటం మాత్రం అక్కర్లేదు. పైగా తెలుగు మాత్రమే వచ్చిన అమ్మమ్మకు సీటు పట్టీ ఎంత బిగువుండాలో తెలుగులో చెప్పగల మనిషి ఆ ఊళ్లో ఎంత అవసరమో వేరే చెప్పాలా?

అన్నిటికన్నా లోతుగా పాతుకుపోయిన అపోహ వేరొకటుంది. పిల్లల్ని పెంచినవాళ్లకు ఇది ప్రత్యేకంగా నేర్పేదేమిటి, ధైర్యం ఉన్నవాళ్లకు పని దానంతటదే వస్తుంది అన్నది. ముందు చెప్పిన అమెరికా ప్రభుత్వ సంస్థ లెక్క ప్రకారం వాడుకలో ఉన్న సీట్లలో 46 శాతం ఏదో ఒక విధంగా తప్పుగా వాడినవే. ఆ సీట్లు కొన్నది పిల్లల మీద శ్రద్ధ లేనివాళ్లు కాదు, డబ్బు పెట్టి కొని, కూర్చోబెట్టి, సరిగ్గానే చేశామనుకుని బండి నడుపుతున్నవాళ్లు. అంటే ఈ పనిలో ధీమాకూ సరిగ్గా చేయడానికీ సంబంధం లేదు. సరిగ్గా వాడితే వచ్చే లాభం చిన్నదీ కాదు. కార్లలో ప్రయాణించే ఏడాది లోపు పసిపిల్లల మరణాల ముప్పును 71 శాతం, ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లల్లో 54 శాతం సీటు తగ్గిస్తుందని అదే సంస్థ అంచనా. ఈ రెండు లెక్కల మధ్య దూరాన్ని పూడ్చడానికే టెక్నీషియన్ అనే మనిషి ఉన్నాడు. కాబట్టి నాకు రాదేమో, తప్పు చేస్తానేమో అని వణికే మనిషి ఈ తరగతిలో సరైన చోటే కూర్చున్నట్టు. ఆ అనుమానమే మాన్యువల్ తెరిపిస్తుంది, రెండోసారి పట్టీ గిల్లి చూపిస్తుంది. భయపడే చేతులతో పనేం జరుగుతుందని ఎవరైనా అంటే, ఆ మాటలో కొంత నిజముంది. గుబులు బిగుసుకుపోయేంతగా ఉంటే మంచిది కాదు. దానికి మందు చేతి అలవాటు, ఆ అలవాటు చేయించడానికే తరగతిలో చాలా సేపు కార్ల దగ్గర గడుస్తుంది.

ధీమా ఎంత దూరం తీసుకెళ్తుందో ఒళ్లో బిడ్డ సంగతి చూస్తే తెలుస్తుంది. నా చేతుల్లో ఉన్నంతసేపు నా బిడ్డకేం కాదు అనే తల్లి అబద్ధం చెప్పడం లేదు, ఆమెకు లెక్క తెలియదంతే. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ దేన్నైనా గుద్దుకుని సెకనులో పదో వంతు కాలంలో ఆగిందనుకుందాం. పది కిలోల బిడ్డను అదే కాలంలో ఆపాలంటే దాదాపు 140 కిలోల బరువును పట్టుకునేంత బలం కావాలి. గుంటూరు యార్డుకు వెళ్లే మిర్చి టిక్కీలు మూడింటిని ముందస్తు హెచ్చరిక లేకుండా ఒక్కసారిగా మీదికి విసిరితే ఏ తల్లి చేతులూ ఆపలేవు. తల్లి కూడా బెల్టు పెట్టుకోకపోతే ఆమె బరువు సైతం బిడ్డ మీద పడుతుంది. ఒకే బెల్టును ఇద్దరికీ చుట్టడం ఇంకా ప్రమాదం, తల్లి శరీరం బిడ్డను బెల్టుకేసి నొక్కేస్తుంది. దగ్గరే కదా, కోటప్పకొండ దాకానే కదా అనే మాటకు కూడా ఇదే సమాధానం. నరసరావుపేట నుంచి పదిహేను కిలోమీటర్లు కూడా లేని దారి అని గుద్దుకునే బలం తగ్గదు, 50 కిలోమీటర్ల వేగం ఊరి చివరే అందుకుంటాం.

నాలుగో అపోహ, టెక్నీషియన్ తన చేత్తో సీటు బిగించి పంపిస్తాడన్నది. ప్రాణం నా చేతి మీదుగా వెళ్తుందన్న భయం పుట్టేది ఇక్కడే. నిజానికి ఈ శిక్షణలో గట్టిగా చెప్పే మాట ఇది: చివరిసారి బిగించేది తల్లో తండ్రో, టెక్నీషియన్ కాదు. సీటు రేపు కడగడానికి తీస్తారు, ఎల్లుండి ఇంకో కారులోకి మారుస్తారు, అప్పుడు టెక్నీషియన్ పక్కన ఉండడు. బాధ్యత తగ్గదు గానీ దాని రూపం మారుతుంది, ఇది పంతులు పని. అసలు కష్టం నాకు కనిపించేది ఇంకోచోట. ఇంటి పెద్దకు, అందులోనూ బిడ్డను ఎత్తుకున్న అత్తగారికి, అలా కాదండీ అని చెప్పడం మన ఇళ్లలో పట్టీ బిగించడం కన్నా గట్టి పరీక్ష. నలుగురిని పెంచానమ్మా అని ఆవిడ అంటే దానికి పుస్తకంలో సమాధానం ఉండదు. తప్పు ఎత్తి చూపకుండా, ఒకసారి మీరే కదిపి చూడండి అని సీటు ఆవిడ చేతికే ఇవ్వడం మేలు. కదిలే సీటు తన సంగతి తానే చెప్పుకుంటుంది. పెద్దలకు ఎలా చెప్పాలన్న ఈ ఒక్క గుబులుకు మాత్రం ఆధారం ఉందని ఒప్పుకోవాలి.

ఇదంతా అమెరికా భాగోతం, పల్నాటి రోడ్ల మీద కార్ సీటు డబ్బున్నవాళ్ల ముచ్చట అనే అభ్యంతరం బలమైనదే. ఇక్కడ పిల్లల్లో ఎక్కువమంది బైకు ట్యాంకు మీద, ఆటోలో, పెళ్లికి మాట్లాడుకున్న కిరాయి బండిలో వెళ్తారు. కానీ చట్టం ఇప్పటికే ఇక్కడికి వచ్చేసింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బీ సెక్షన్ ప్రకారం 14 ఏళ్లు నిండని పిల్లలను సీటు బెల్టుతోనో, పిల్లల సీటుతోనో భద్రపరచకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. బైకుల గురించీ నియమం ఉంది. 4 ఏళ్ల లోపు పిల్లలను బండి నడిపేవారికి కట్టి ఉంచే హార్నెస్, వాళ్లలో 9 నెలలు దాటినవారికి హెల్మెట్, గంటకు 40 కిలోమీటర్లకు మించని వేగం, ఈ మూడూ తప్పనిసరి చేస్తూ 2022 ఫిబ్రవరిలో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. చట్టం వస్తువును అడిగింది, ఆ వస్తువును సరిగ్గా వాడటం నేర్పే మనిషి ఊసెత్తలేదు. వదులుగా కట్టిన హార్నెస్ నిద్రలో ఒరిగిపోయే బిడ్డను ఆపదు. పెద్ద సైజు హెల్మెట్ పిల్లవాడి తల మీద గిన్నె బోర్లించినట్టు తిరుగుతుంది. అమెరికాలో 46 శాతం సీట్లలో తప్పులు జరుగుతుంటే, చూపించేవాళ్లే లేని చోట అంతకన్నా తక్కువ జరుగుతాయని ఆశించడానికి కారణం కనపడదు. హార్నెస్ బిడ్డ జారిపడకుండా చూస్తుంది గానీ ఎదురుగా లారీ గుద్దితే కార్ సీటు చేసే పని అది చేయలేదు, ఆ తేడా కూడా ఎవరో ఒకరు చెప్పాల్సిందే.

కార్లున్న ఇళ్లలో మరో నమ్మకం బలపడుతోంది, అమెరికా నుంచి తెచ్చిన సీటు అన్నిటికన్నా మేలని. మనవడితో పాటు విమానంలో వచ్చిన సీటును గుడ్డిగా ఇక్కడి కార్లో పెట్టకూడదు. అమెరికా కార్లలో చాలావాటిలో సీటు బెల్టును పూర్తిగా లాగి వదిలితే అది వెనక్కి వెళ్లడమే తప్ప మళ్లీ బయటికి రాకుండా బిగుసుకునే ఏర్పాటు ఉంటుంది, అక్కడి సీట్లు చాలావరకు దాన్ని నమ్ముకునే తయారవుతాయి. ఇక్కడి చాలా కార్లలో బెల్టు కుదుపు వచ్చినప్పుడే ఆగుతుంది, మామూలుగా వదులవుతూనే ఉంటుంది. సీటుకు సొంతంగా బెల్టును పట్టి ఉంచే క్లిప్పు లేకపోతే మాచర్ల చేరేలోగా అది ఊగులాడుతుంది. అలాగే వెనక్కి తిరిగి కూర్చునే పసిపిల్లల సీటును, ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో ఎప్పుడూ పెట్టకూడదు. విచ్చుకున్న ఎయిర్‌బ్యాగ్ నేరుగా బిడ్డ తల వెనక ఉన్న సీటు వీపును కొడుతుంది. బిడ్డ కళ్లెదుట ఉండాలని ముందు సీట్లో పెట్టుకునేవాళ్లకు ఇది ఎవరూ చెప్పకపోతే తట్టే విషయం కాదు.

ఇలాంటి శిక్షణ పల్నాడులో మొదలుపెట్టాలంటే అమెరికా కోర్సును యథాతథంగా దింపక్కర్లేదు. పురుడు పోసే ఆసుపత్రుల నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, డ్రైవింగ్ స్కూలు నడిపేవాళ్లు, షోరూంలో కొత్త కారు తాళాలు చేతికిచ్చే కుర్రాళ్లు, వీళ్లకే ముందు నేర్పాలి. ఏసీ ఎలా వేయాలో, పాటలు ఎలా పెట్టాలో చూపించే కుర్రాడు వెనక సీటు సందులో వేలు పెట్టించి ఐసోఫిక్స్ కొక్కెం తగిలించి చూపడానికి రెండు నిమిషాలు చాలు. మొదటి తరగతికి కావలసిన సరంజామా రెండు మూడు రకాల కార్లు, వాటి మాన్యువళ్లు, ఒక సీటు, ఒక బైకు హార్నెస్, నాలుగైదు కిలోల బరువున్న బొమ్మ. మాన్యువల్ ఇంగ్లీషులో ఉంటే పక్కన తెలుగులో రాసిన కాగితం ఒకటి. వచ్చినవాళ్ల చేత అదే సీటును అన్ని కార్లలోనూ బిగింపించాలి. మొదటి కారులో గట్టిగా నిలిచిన సీటు రెండోదాంట్లో అంగుళన్నర కదులుతుంది, ఎందుకు కదిలిందో వెతకడంతో పాఠం మొదలవుతుంది.