గీత ఎక్కడ ఎగిరిందో చూడండి

"మోడల్ ఎంత శాతం కరెక్టు?" మా మీటింగుల్లో మొదటి ప్రశ్న ఇదే. తొంభై దాటిన అంకె ఏది చెప్పినా చాలు, టీ తాగి లేచిపోతారు. ఆసుపత్రుల లెక్కలకు చార్టులు గీసి బతికేదాన్ని నేను. నాకా అంకె మీద పెద్ద గౌరవం లేదు. 1990లలో అమెరికాలో జరిగిన న్యుమోనియా వ్యవహారం చదివాను కాబట్టి.

న్యుమోనియాతో వచ్చినవాళ్లలో ఎవరిని చేర్చుకోవాలి, ఎవరికి మందులిచ్చి ఇంటికి పంపొచ్చు? ఇది తేల్చడానికి పాత రోగుల రికార్డుల నుంచి నేర్చుకుని అంచనా వేసే రకరకాల మోడళ్లు తయారుచేశారు. అన్నిట్లోకీ బాగా అంచనా వేసింది రిచ్ కరువానా తయారుచేసిన న్యూరల్ నెట్‌వర్క్. అదే డేటాతో తయారైన ఇంకో మోడల్, తాను నేర్చుకున్నదాన్ని నియమాలుగా రాసి చూపించే రకం, ఒక వింత బయటపెట్టింది. ఉబ్బసం ఉన్నవాళ్లకు న్యుమోనియా వస్తే చనిపోయే అవకాశం తక్కువట!

ఏ డాక్టరూ ఒప్పుకోని మాట. అయినా డేటా అబద్ధమాడలేదు. ఉబ్బసం మనిషికి న్యుమోనియా అనగానే తిన్నగా ఐసీయూలో పెట్టేవాళ్లు. ఆ శ్రద్ధ వల్ల బతికారు. మోడల్‌కి కనిపించింది బతకడం ఒక్కటే, ఐసీయూ కనిపించలేదు. దాని మాట విని ఉబ్బసం రోగిని ఇంటికి పంపితే ఏమవుతుందో వేరే చెప్పాలా? న్యూరల్ నెట్‌వర్క్ కూడా ఇదే నేర్చుకుని ఉంటుంది, కాకపోతే దాని లోపలికి తొంగిచూసే దారి లేదు. ఉబ్బసం సంగతంటే దొరికింది, దొరకనివి ఇంకెన్నో? అందుకే దాన్ని రోగుల మీద వాడొద్దన్నారు కరువానా.

2015లో ఆయన బృందం మళ్లీ న్యుమోనియా డేటా ముందేసుకుంది. ఈసారి మోడల్ మొత్తాన్నీ గ్రాఫులుగా గీయొచ్చు. వయసుకొకటి, రక్తపోటుకొకటి, ఉబ్బసానికొకటి. ప్రతి గ్రాఫులోనూ రోగి ఎక్కడున్నాడో చూసి ఆ విలువలన్నీ కూడితే వచ్చేదే మోడల్ జవాబు.

నాకు అన్నిట్లోకీ ఇష్టమైనది వయసు గ్రాఫు. ఏభై దాకా దాదాపు చదునుగా సాగుతుంది, ఆపైన మెల్లగా లేస్తుంది, 65 దాటిన కొద్దికాలానికే చటుక్కున ఓ మెట్టెక్కుతుంది. ఊపిరితిత్తులు పుట్టినరోజులు లెక్కపెట్టుకోవు కదా! ఆ వయసులో మారేవి ఉద్యోగం, ఇన్సూరెన్సు, చూసే డాక్టరు. కాబట్టి ఆ మెట్టు జబ్బుది కాకపోవచ్చు, వైద్యం అందే తీరుది కావచ్చు. పట్టికలో ఎన్ని అంకెలు పరిచినా ఇది నా కంటపడేది కాదు. ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఉబ్బసం గ్రాఫు తప్పని తేలాక డాక్టర్లే దాన్ని సరిదిద్దొచ్చు, లేదా తీసేయొచ్చు.

అన్ని మోడళ్లూ ఇంత విప్పి చూపించవు. అలా చూపించనివాటికోసం 2017లో స్కాట్ లండ్‌బర్గ్, సు-ఇన్ లీ కలిసి షాప్ అనే పద్ధతి తెచ్చారు. ఉమ్మడి ఫలితంలో ఎవరి వాటా ఎంతో తేల్చేందుకు గణితవేత్త లాయిడ్ షేప్లీ 1953లో చెప్పిన లెక్కే దాని పునాది. ఒక రోగి విషయంలో ఏ కారణం అంచనాను ఎంత పెంచిందో ఎర్ర పట్టీగా, ఎంత తగ్గించిందో నీలం పట్టీగా గీస్తారు. చూడ్డానికి బాగుంటుంది, అక్కడే ప్రమాదం. ఆ పాత న్యుమోనియా మోడల్‌కి ఈ బొమ్మ గీస్తే ఉబ్బసం పక్కన నీలం పట్టీయే వస్తుంది. చూసినవాళ్లు ఉబ్బసం మేలు చేస్తోందనుకుంటారు. బొమ్మ చెప్పేది మోడల్ దేన్ని పట్టుకుని లెక్క వేసిందన్నదే. రోగిని ఏది బతికించిందో దానికి తెలీదు.

మోడల్ ఎక్కడ చూసి జవాబిచ్చిందో చూపించడానికి ఎక్స్‌రేల మీద రంగులు పులిమే బొమ్మలతో నేను ఇంకా జాగ్రత్తగా ఉంటాను. 2018లో జూలియస్ అడెబాయో బృందం ఒక పరీక్ష చేసింది. మోడల్ నేర్చుకున్నదంతా చెరిపేసి, లోపల ఇష్టమొచ్చిన అంకెలు నింపి, మళ్లీ బొమ్మలు గీయించింది. కొన్ని పద్ధతుల్లో బొమ్మ పెద్దగా మారనే లేదు! అప్పట్నుంచీ అలా చెరిపేసిన మోడల్ బొమ్మను కూడా అసలు బొమ్మ పక్కనే పెట్టి, ఏది ఏదో చెప్పకుండా డాక్టర్లకు చూపిస్తున్నాను. వాళ్లు తేడా పట్టలేకపోతే రెండూ స్లైడుల్లోంచి తీసేస్తాను.