అందరికీ అనువైన సరస్సు

నాలుగైదు కుటుంబాలు కలిసి చేపల వేటకు బయలుదేరాలనుకున్నప్పుడు మొదట తలెత్తే ప్రశ్న, ఏ సరస్సుకు వెళ్ళాలన్నదే. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో బాస్ చేపల మాట వస్తే చాలామంది లేక్ ఫోర్క్ పేరే చెబుతారు. డల్లాస్ పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అది ఇంచుమించు రెండు గంటల ప్రయాణం.

ఆ ఖ్యాతి ఊరకే రాలేదు. 1980లో ఆనకట్ట పూర్తయినప్పుడు అక్కడి చెట్లను చాలావరకు నరకకుండా నీటిలోనే వదిలివేశారు. లార్జ్‌మౌత్ బాస్ పొంచి ఉండి వేటాడే చేప. మునిగిన మోడులే దానికి ఆశ్రయం. 1992 జనవరిలో అక్కడ దొరికిన 18.18 పౌండ్ల చేపదే నేటికీ రాష్ట్ర రికార్డు. మన లెక్కలో అది ఎనిమిది కిలోల పైమాటే.

అయితే చేపకు ఆశ్రయమిచ్చే ఆ మోడులే కొత్తవారి పడవకు ముప్పు. పైగా అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య పొడవున్న బాస్‌ను తిరిగి నీటిలో వదలవలసిందే. సాయంత్రం వంట ఆలోచనతో వెళ్ళినవారు ఈ నియమం తెలియక నిరాశ చెందుతారు.

పూర్తిగా టెక్సాస్‌లోనే ఉన్న జలాశయాలలో అతి పెద్దది శామ్ రేబర్న్. దాని విస్తీర్ణం లక్ష ఎకరాలకు పైమాటే. చేపలకు కొదవ లేదు. కాని గాలి లేచిందంటే ఆ విశాల జలాలలో చిన్న పడవ నిలవడం కష్టం. అక్కడి చేపలలో పాదరసం ఉన్నందున వాటిని మితంగా తినాలని రాష్ట్ర ఆరోగ్య శాఖ హెచ్చరించింది. గర్భిణులు, పసిపిల్లలు ఉన్న ఇంటివారు దీనిని తేలికగా తీసుకోరాదు.

ఇక టైలర్ స్టేట్ పార్కులోని సరస్సు కేవలం 64 ఎకరాలు. రికార్డు చేపలకు అది పేరుపొందలేదు. కాని పెద్దలు చెట్ల నీడన కూర్చోవచ్చు. పిల్లలు ఒడ్డునుంచే గాలం వేయవచ్చు. స్టేట్ పార్కు లోపల ఒడ్డునుంచి చేపలు పట్టేవారికి లైసెన్సు కూడా అవసరం లేదు. మరోచోటైతే 17 ఏళ్ళు నిండినవారందరూ అది తీసుకోవాలి.

కనుక సరస్సు పేరుకన్నా ముందు మనవారి జాబితా రాసుకోవాలి. ఈత రానివారెందరు? పడవ నడిపిన అనుభవం ఎవరికుంది? పట్టిన చేపను వండుకోవాలా, వదిలివేయాలా? ఆ తరువాతనే నియమాలు, వాతావరణం విచారించాలి. చిన్న పడవ కదులుతున్నంతసేపూ 13 ఏళ్ళలోపు పిల్లలు లైఫ్ జాకెట్ ధరించి ఉండాలన్నది అక్కడి చట్టం. పెద్దలు కూడా ధరిస్తే పిల్లలు మారాము చేయరు.

బృందంలో అందరికన్నా నేర్పరి ఎవరో చూసి కాక, అందరికన్నా బలహీనులు ఎవరో చూసి సరస్సును ఎంచుకోవాలి. గాలానికి ఏమీ చిక్కని రోజున కూడా అందరూ క్షేమంగా, సంతోషంగా ఇల్లు చేరగలిగితే ఆ ఎంపిక సరైనదే.